పక్క ఫోటోలో చూడండి

ఇంటి నుంచి, వంటింటి బల్ల దగ్గర

పొట్టీ,

తాళాలు బాగుచేసే ఆయన మీద రాసింది ఈ కవర్లో పెట్టాను. ఎప్పటిలాగే నా చేతిరాతని తిట్టుకుంటూ టైపు చేసి ఇంటర్నెట్లో మన "చేతిపని" పేజీలో పెట్టు. ఉత్తరం దేనికి, ఫోన్ చేయొచ్చుగా అంటారు జనం. ఫోన్లో మనిద్దరం పేజీతో మొదలుపెట్టి పోట్లాటలో తేలతాం. జ్వరమొస్తే తప్ప ఫోన్ వద్దని రూలు పెట్టింది నువ్వే కదా.

ఈసారి కొత్త సంగతి ఒకటుంది. ఫోటోలున్నాయి. మన వీధి చివర స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే ఆయన గుర్తున్నారా? బడి ఫోటోకి వెళ్ళి నువ్వు వరసగా తుమ్ముతుంటే విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ తీశారే, ఆయనే. నేను తాళాలాయన కొట్లో స్టూలు మీద కూర్చుని రాసుకుంటుంటే తాళంచెవి చేయించుకోడానికి వచ్చారు. ఏం రాస్తున్నారని అడిగారు. మర్నాడు కెమెరా పట్టుకొచ్చారు. తాళాలాయన బొటనవేలు గురించి నేను ఒక పేరా అంతా చెమటోడ్చి చెప్పానా, ఆయన ఒక్క నొక్కుతో పట్టేశారు. చూస్తే నీకు నోట మాట రాదు.

ఫైళ్ళు ఆయనే నీకు పంపిస్తారు. ఏ ఫోటో ఏ పేరా పక్కన నిలబడాలో నా కాగితం మార్జిన్లో పెన్సిల్‌తో రాశాను. రెండు మూడు చోట్ల "పక్క ఫోటోలో చూడండి" అని రాసేశాను కాబట్టి అక్కడ ఫోటో ఉండి తీరాలి. ఫోటో కింద చిన్న అక్షరాల్లో క్యాప్షన్. అవి ఆయనే రాసుకున్నారు, ముట్టుకోకు. నీ బొమ్మ ఈ నెలకి వద్దులే, రెండూ ఒకచోట ఇరుకవుతాయి.

వేళకి తిను. కళ్ళజోడు మార్పించుకో.

అక్క


ఆఫీసు నుంచి, వాటర్ కూలర్ పక్క సీటు

అక్కా,

కవరు అందింది. ఫైళ్ళూ అందాయి. నోట మాట రాకపోవడమేం లేదు, చాలా మాటలొచ్చాయి. కొన్ని రాస్తాను, కొన్ని మింగేస్తాను.

"నీ బొమ్మ ఈ నెలకి వద్దులే" అన్నావు. ఎంత తేలిగ్గా అన్నావు. నువ్వు గొడుగులాయన మీద రాస్తే గొడుగు పుల్లలు గీశాను. దర్జీ మీద రాస్తే వేలికి తొడిగే ఆ చిన్న టోపీ గీశాను. వాళ్ళెవర్నీ నేను చూడలేదు. నువ్వు రాసింది చదివి గీసేదాన్ని, నువ్వు "అచ్చం ఇలాగే ఉంటుందే" అనేదానివి. పేజీ మొదలైన దగ్గర్నుంచీ నీ మొదటి పేరా పక్కన చోటు నాది. ఇప్పుడు అక్కడ ఎవరిదో బొటనవేలు.

పగలంతా నేను చేసేది ఇదే పని అని నీకు తెలుసు. చెప్పుల షాపు వాళ్ళ చెప్పుల పక్కన అక్షరాలు, పళ్ళ డాక్టర్ల నవ్వుల పక్కన అక్షరాలు సర్దుతూ కూర్చుంటాను. సాయంత్రం మన పేజీ తెరిస్తే నాకు ఇంటికొచ్చినట్టు ఉండేది.

ఇక నీ కెమెరా గారి సంగతి. ఫోటోలన్నీ నిలువు. ఒక్కొక్కటి తలుపంత. పేరా పక్కన నిలబెడితే నీ అక్షరాలు సందులోంచి ఒంటికాలి మీద నడవాలి. తాళంచెవి ఫోటో కింద ఆయన రాసింది అయిదు లైన్లుంది. అది క్యాప్షనా, ఆత్మకథా?

ఆయన మనింటికి వస్తున్నారా, ఎందుకు వస్తున్నారు అని మాత్రం నేనడగను.

పొట్టి


ఇంటి నుంచి, వరండా మెట్ల మీద

ఓసి పొట్టీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది, తర్వాత మళ్ళీ నవ్వాను. కెమెరా గారట. ఆయనకి చెప్తే ఆయన కూడా నవ్వారు.

అడగనంటూ అడిగావు కాబట్టి చెప్తున్నాను. సాయంత్రం స్టూడియో కట్టేశాక టీకి వస్తున్నారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. వంటింటి కుళాయి బాగుచేస్తానని ప్లంబరు నన్ను ఎన్నిసార్లు తిప్పాడో నీకు రాశాను కదా. ఈయన వచ్చి, టీ చల్లారేలోపల వాషరు మార్చి కూర్చున్నారు. స్టూడియో నడవట్లేదు పాపం. అందరూ ఫోన్లతో తీసేసుకుంటుంటే పాస్‌పోర్టు ఫోటోకి ఎవరొస్తారు. మన పేజీలో ఫోటోలు చూసి నలుగురు మెచ్చుకుంటే, ఈ ఊళ్ళోనే ఏదో ఒక పని దొరక్కపోతుందా అని ఆశ. నోరు తెరిచి అనరు, నాకు తెలుస్తుంది. అందుకే చెప్తున్నాను, మూతి ముడుచుకోకుండా సరిగ్గా పెట్టు.

తాళాలాయన ఆ బొటనవేలు ఫోటోకి ఫ్రేము కట్టించి కొట్లో తగిలించాడు. తాళం కోసం వచ్చినవాడికీ, దారి అడగడానికి వచ్చినవాడికీ కూడా చూపిస్తున్నాడు. నేను రాసిన కాగితం ఒక కాపీ ఇచ్చాను. అది కౌంటరు మీద నూనె డబ్బా కింద ఉంది. పోనీలే, చెక్కకి మరక పడకుండా పనికొస్తోంది.

దర్జీ కూడా అడిగాడు, "అమ్మా, మా గురించి రాసినప్పుడు ఈ ఫోటోలాయన లేడేం" అని. ఏళ్ళ తరబడి రాస్తున్నాను ఈ వీధి గురించి. ఒక్కడూ ఆగి, బాగుందమ్మా అన్న పాపాన పోలేదు. ఆయన రెండు వారాలు కెమెరా మెళ్ళో వేసుకు తిరిగితే ఊరంతా చుట్టాలైపోయారు.

సరేలే. నువ్వు అలిగితే నాకు అన్నం సయించదు. పేజీ పెట్టి ఉత్తరం రాయి.

అక్క


నా గది నుంచి, మంచం మీద

అక్కా,

పెట్టేశాను. నీ పెన్సిల్ గీతలు ఎలా చెప్తే అలా. బొటనవేలు కుడిపక్క నిలబడుతుంది, నీ అక్షరాలు దాని చుట్టూ సర్దుకుని వెళ్తాయి. గొళ్ళెం ఎడమపక్క. క్యాప్షన్లు ఫోటో వెడల్పు దాటకుండా కట్టేశాను, లేకపోతే ఆ ఆత్మకథ నీ పేరాలోకి పాకేస్తుంది. ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు, ఆయన్నే లెక్క చూసుకోమను. ఫోటోకీ రాతకీ మధ్య ఊపిరాడేంత ఖాళీ కూడా వదిలాను. ఇంత శ్రద్ధగా చెప్పుల షాపుకి కూడా చెయ్యను.

నీ గదిలో కంప్యూటర్ ఉంది కదా, దాని మీద చూడు. ఇలాంటి పేజీ పెద్ద తెర మీదే చూడాలి. ఆయన్ని కూడా అక్కడే చూడమను.

ఇకనుంచి ప్రతి నెలా ఇంతేనా? ఒక నెల ఆయనా ఒక నెల నేనూ అని వంతులేసుకోకూడదా? ఊరికే అడుగుతున్నాను. చెప్పులు కుట్టే ఆయన సూది బొమ్మ నా దగ్గర సిద్ధంగా ఉంది. నువ్వు ఆయన గురించి ఇంకా రాయనే లేదు. నేను ముందే గీసుకుని కూర్చున్నాను, నా అంత తెలివితక్కువది ఎవరుంటారు.

పొట్టి


ఇంటి నుంచి, కంప్యూటర్ ముందు

పొట్టీ,

అద్దాలు కోసే ఆయన పేజీ కూడా చూశాను. నీ చేతికి ముద్దు పెట్టాలి. అద్దం మీద గీత గీసే ఫోటో సరిగ్గా నా వాక్యం దగ్గరే ఆగింది.

పాఠకులు రాసినవి నువ్వు ప్రింటు తీసి పంపావు కదా, అన్నీ చదివాను. అబద్ధమెందుకు, కొన్ని రెండుసార్లు చదివాను. "మీరు రాస్తుంటే ఆ చెయ్యి కళ్ళకి కట్టింది" అని ఒకావిడ. "ఫోటో లేకపోయినా అంతా కనిపించింది" అని ఇంకొకాయన. నేను కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆయన టీకి వచ్చినప్పుడు అన్నీ చదివి వినిపించాను. ఆ రెండోది కూడా వినిపించాను. వినిపించకుండా ఉండాల్సిందేమో. ఫోటోల గురించి ఇన్ని నెలల్లో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఆయన కప్పు కింద పెట్టి, "మీ రాత అలాంటిది" అన్నారు.

అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ అందుకే నసుగుతున్నాను. పెళ్ళి చేసుకుందామా అని అడిగారు. సినిమాల్లోలా కాదు, కుళాయి ఎలా పని చేస్తోందని అడిగినట్టు అడిగారు. ఈ వయసులో నాకు చెవులు ఎర్రబడ్డాయి. ఆలోచించుకుంటానన్నాను. అదే వారం ఆయనకి వేరే ఊరి నుంచి పిలుపొచ్చింది. ఒక పెద్ద బడిలో పిల్లల ఐడీ కార్డులకి ఫోటోలు తియ్యాలి, ఉండడానికి గది ఇస్తారు. ఆయనకి వెళ్ళాలని లేదు. కానీ "నా ఫోటోలు ఇక్కడ ఎవరికీ అక్కర్లేనప్పుడు మీ ఇంట్లో కూర్చుని మీ అన్నం తింటానా" అంటున్నారు.

నేను సరే అంటే స్టూడియో సామాను నీ గదిలో పెట్టుకోవచ్చు. గది ఖాళీగానే ఉంది కదా. ఏమంటావు?

అక్క


ఆఫీసు నుంచి, మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక

అక్కా,

గది ఖాళీగా లేదు. అందులో నా మంచం ఉంది. నా మంచం కింద నా అట్టపెట్టె ఉంది. గోడ మీద పెన్సిల్‌తో నా పొడుగు కొలిచిన గీతలున్నాయి, నువ్వే గీశావు. ఎంత కొలిచినా పెరగట్లేదని ఏడిస్తే నువ్వు పొట్టీ అని పేరు పెట్టావు, అదే ఇప్పటికీ నా పేరు. అమ్మ పోయాక ఆ గదిలో నీ చెయ్యి పట్టుకుని పడుకున్నాను. నువ్వు అప్పుడు కాలేజీ మానేశావు. నాకు గుర్తులేదనుకోకు. ఇప్పుడు ఆ గదిలో ఆయన దీపాల స్టాండ్లు, వెనక వేలాడదీసే ఆ నీలం గుడ్డా పెడతావా.

ఒక మనిషి వాషరు మార్చి ఇంత సంపాదించడం నేనెక్కడా చూడలేదు.

నేను ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చినప్పుడు నువ్వేమన్నావు? "పేజీ ఉంది కదే, నెల నెలా పక్కపక్కనే ఉంటాం" అన్నావు. నేను నిజంగా నమ్మాను. నువ్వు రాస్తావు, నేను పక్కన గీస్తాను. అంతే, ఇంకెవరూ లేరు. ఇప్పుడు నేను వేరేవాళ్ళ ఫోటోలకి చోటు సర్దే మనిషినైపోయాను, సొంత అక్క పేజీలో.

ఆయన మంచివారే అయ్యుంటారు. మంచివారు కాకపోతే బాగుండును. హాయిగా తిట్టుకునేదాన్ని. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను, నాకు కడుపు మండిపోతోంది. నీ ఇష్టం నీది. గది మాత్రం ఖాళీగా లేదు.

పొట్టి


పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, వరండాలో

చెల్లెలికి,

పొట్టి అని రాయబుద్ధి కావట్లేదు.

ఇవాళ పళ్ళ డాక్టరు గదిలో నా వంతు కోసం కూర్చున్నాను. పక్కావిడ ఫోన్లో ఏదో చదువుతూ నన్ను మోచేత్తో పొడిచింది. "ఇది రాసింది మీరే కదండీ? పక్క ఫోటోలో చూడండి అంటారు, పక్కన ఏముంది, మీరే ఉన్నారు" అంది. ఫోన్ తీసుకుని చూశాను. నా పేరా ఉంది, కింద నా పేరా ఉంది, దాని కింద మళ్ళీ నా పేరా. బొటనవేలు లేదు, గొళ్ళెం లేదు, అద్దం లేదు. ఆయన క్యాప్షన్లు ఒక్కటీ లేవు. ఏ నెల పేజీ తెరిచినా అంతే. నా ఫోన్ పాతది, అందులో పేజీలు రావు కాబట్టి నాకు తెలియదనుకున్నావు. నా కంప్యూటర్ మీద మాత్రం అన్నీ ముచ్చటగా నిలబడి ఉన్నాయి.

లోకమంతా ఫోన్లోనే చదువుతోందని నీకంటే బాగా ఎవరికి తెలుసు? నీ పనే అది.

ఇది పొరపాటని రాయకు. చెప్పుల షాపు వాళ్ళ చెప్పు ఒక్కటి ఫోన్లో కనిపించకపోతే నిన్ను ఆ పూటే పిలిచి అడుగుతారు. ఆయన అడగలేదు. తన ఫోటోలు నచ్చలేదేమో అనుకున్నారు. ఇన్ని నెలలు, ఎవరో ఒకరు ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూశారు. నిన్న వచ్చి, బడి వాళ్ళకి సరేనని చెప్పానన్నారు. స్టూడియో అద్దాలకి లోపలి నుంచి కాగితాలు అంటించేశారు.

నేను ఒక మనిషికి సరే అని చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను, నువ్వు నా బదులు చెప్పేశావు. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులతో రాస్తున్నాను. ఇంత కుళ్ళు నీకు ఎక్కడి నుంచి వచ్చింది?

అక్క


నా గది నుంచి

అక్కా,

పొరపాటు కాదు. నేనే చేశాను.

ఎలా చేశానో చెప్తాను, దాచడానికి ఏం మిగల్లేదు. పెద్ద తెర మీద ఫోటో పేరా పక్కన నిలబడుతుంది. ఫోన్ తెర సన్నం, పక్కన చోటు చాలదు. అందుకని అక్కడ ఫోటోని పేరా కిందకి దిగమని చెప్పాలి, దాని వెనకే క్యాప్షన్‌ని దిగమనాలి. అలా చెప్పడానికి కంప్యూటర్ భాషలో ఒక లైను రాస్తే చాలు. కనపడొద్దని చెప్పడానికీ ఒక లైనే. తాళాలాయన పేజీ పెట్టినరోజు నేను ఆ రెండో లైను రాశాను. ఒక్క నెలకే అనుకున్నాను. నువ్వు నా చేతికి ముద్దు పెట్టాలన్నావు, ఆయన ఏమీ అనలేదు. తర్వాత తియ్యబుద్ధి కాలేదు. ఫోటో లేని పేరా ఫోన్లో చూస్తే మళ్ళీ నువ్వూ నేనే ఉన్నట్టు అనిపించేది. నాకు ఆయనంటే కళ్ళు కుట్టాయి. ఇంకో కారణం లేదు.

నీ ఉత్తరం చదవగానే ఆ లైను కొట్టేశాను. అన్ని పేజీల్లోనూ ఫోటోలు ఇప్పుడు పేరా కిందకి దిగుతున్నాయి, క్యాప్షన్లతో సహా. తర్వాత ఆయనకి ఫోన్ చేశాను. జ్వరం లేకపోయినా చేశాను. తప్పు నాదని చెప్పాను, ఊరు వదలొద్దని అడిగాను. ఏడ్చాను కూడా. ఆయన అంతా విన్నారు. తర్వాత నెమ్మదిగా, "మీ అక్కగారికి మొదటి వారమే చూపించానమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. తన ఫోన్లో పేజీ తెరిచి, టీ బల్ల దగ్గర నీ చేతికిచ్చారట. ఫోటోలు రావట్లేదేమండీ అని అడిగారట. నువ్వు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోన్లో ఇంతేనండీ, ఇరుకు కదా" అని తిరిగి ఇచ్చేశావట.

పళ్ళ డాక్టరు దగ్గర ఆవిడ మోచేత్తో పొడవడం నిజమే అయ్యుండొచ్చు. కానీ నువ్వు మొదటిసారి చూసింది అక్కడ కాదు. నాకు ఒక్క ముక్క రాస్తే, ఏమే, ఫోన్లో ఫోటోలేవి అని ఒక్క ముక్క రాస్తే నేను ఆరోజే తీసేసేదాన్ని, సిగ్గుతో చచ్చేదాన్ని. నువ్వు రాయలేదు. "ఫోటో లేకపోయినా అంతా కనిపించింది" అన్నాయన ఉత్తరం మాత్రం ఆయనకి చదివి వినిపించావు.

నన్ను కుళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగావు. నేను నీ దగ్గరే పెరిగాను అక్కా.

పొట్టి


ఇంటి నుంచి

పొట్టీ,

నిజమే.

ఆయన ఫోన్ నా చేతికి ఇచ్చినప్పుడు నాకు ఆ క్షణంలోనే తెలిసింది, నువ్వేదో చేశావని. నీ చేతిపని నేను గుర్తుపట్టనా. నిన్ను తిట్టాలనుకున్నాను. అంతకుముందు రోజే తాళాలాయన కొట్లో నా కాగితం ఇంకా నూనె డబ్బా కిందే ఉండడం చూసొచ్చాను. ఆ ఫోన్లో నా పేరాలు ఒకదాని కింద ఒకటి, మధ్యలో ఏ అడ్డమూ లేకుండా ఉన్నాయి. నేను రాసింది అంత బాగుందని నాకే ఎప్పుడూ అనిపించలేదు. రేపు రాద్దాంలే దీనికి అనుకున్నాను. ఆ రేపు రాలేదు. తర్వాత పాఠకులు మెచ్చుకుంటూ రాయడం మొదలుపెట్టారు, ఇక నా నోరు పెగల్లేదు. ఆయన్ని ఇష్టపడుతూనే ఓర్వలేకపోయాను. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు తెలియదు.

నీ ఉత్తరం అందగానే స్టూడియోకి వెళ్ళాను. నీలం గుడ్డని చుట్ట చుడుతున్నారు. ఒక కొస నేను పట్టుకున్నాను. చెప్పేశాను, నాకు ముందే తెలుసని, కావాలనే ఊరుకున్నానని. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"మీ చెల్లెలి నంబరు నా దగ్గర ఉంది కదండీ" అన్నారు. "ఫోటోలు ఎందుకు రావట్లేదని ఆ అమ్మాయినే అడగొచ్చు. మీకు చూపించింది మీరేమంటారో విందామని."

అంటే ఆయన వెళ్ళిపోతున్నది నీ లైను వల్ల కాదు. ఆ టీ బల్ల దగ్గర నేనన్న ఒక్క మాట వల్ల. ఆ మాట విన్నాక కూడా నన్ను పెళ్ళి అడిగారు చూడు. ఈలోపల నేను మనసు మార్చుకుని నిజం చెప్తానేమోనని అవకాశం ఇచ్చారనుకుంటాను. నేను ఆలోచించుకుంటానన్నాను.

ఇప్పుడు సరే అంటే ఏమంటారని అడిగాను. ఆయన గుడ్డకి తాడు కట్టి, "ఇప్పుడంటే మీరు జాలిపడి అన్నట్టుంటుందండీ" అన్నారు. తర్వాత నాకు టీ పెట్టి ఇచ్చారు. స్టవ్వు ఇంకా సర్దలేదట. ఆ టీ తాగుతూ కూర్చోవడం కంటే తిట్లు తినడం సులువుగా ఉండేది.

నీ గది నీదే. ఎవరూ రావట్లేదు.

అక్క


ఆఫీసు నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదివి నేనేం సంతోషపడలేదు. గది నాదే అని తెలిస్తే కొంచెమైనా తేలికపడతాననుకున్నాను. ఏం లేదు. ఆ గదిలో ఒక్కదానివే దుమ్ము దులుపుతూ కనిపిస్తున్నావు నాకు.

ఫోటోలు కనిపించడం మొదలయ్యాక పాఠకులు మళ్ళీ రాస్తున్నారు. ఈసారి రాసినవాళ్ళంతా ఫోటోల గురించే. ఎవరు తీశారు, ప్రింటు దొరుకుతుందా, ఆ బొటనవేలు ఎవరిది అని. నీ రాత గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు. చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ మనిద్దరం చెప్పకుండా ఉన్నందుకే కదా ఇదంతా. నా బొమ్మలు ఏమయ్యాయని కూడా ఎవరూ అడగలేదు, నువ్వొక్కదానివే అనుకోకు.

అవన్నీ ప్రింటు తీసి ఆయన కొత్త చిరునామాకి పంపించాను. నిన్ను అడగకుండా పంపాను. జవాబు వచ్చింది. "అందాయమ్మా, దాచుకున్నాను" అని రాశారు. నువ్వెలా ఉన్నావని అడిగారు. బాగుందని రాశాను. అది అబద్ధం, కానీ నువ్వు చెప్పమనేది అదే కదా.

ఈ నెల ఏమీ పంపలేదు నువ్వు. ఫోటోలు లేకపోతే పోనీ, నా బొమ్మలు లేకపోతే పోనీ, ఉత్త పేరాలే పంపు. నేను ఏమీ దాచకుండా పెడతాను. లేకపోతే ఆదివారం నేనే వస్తాను, పోట్లాడుకుందాం.

పొట్టి


ఇంటి నుంచి, నీ గదిలో కూర్చుని

పొట్టీ,

ఆదివారం నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు కాస్త ఇల్లులా ఉంది. పోట్లాటలో నువ్వే గెలిచావని ఒప్పుకుంటున్నాను.

నువ్వు బలవంతాన కొనిపెట్టిన ఆ కొత్త ఫోన్ నేర్చుకున్నాను. వేలు ఆడించి పేజీ కిందకి జరపడం వచ్చేసింది. నేర్చుకోగానే నేను చూసింది మన పేజీ కాదు. నీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను.

ఆయన ఉన్న బడికి ఒక పేజీ ఉంది. ఐడీ కార్డులు అయిపోయాక ఆయన అక్కడ పనిచేసేవాళ్ళ ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. గంట కొట్టే ఆయన చెవి, వంటగదిలో ఆవిడ మోచేతులు, తోటమాలి బూట్లు. ఎంత బాగున్నాయో. నేను పక్కన ఉండి ఉంటే ఆ బూట్ల మీద రెండు పేజీలు రాసేదాన్ని. అక్కడ రాసేది డ్రాయింగు టీచరట. పెద్దగా రాయదు. ఫోటో ముందు వస్తుంది, దాని కింద ఆయన క్యాప్షన్, ఆయన ఆత్మకథ లైన్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గించలేదు. ఆ తర్వాత ఆమెవి నాలుగు మాటలు. ఆ తర్వాత మళ్ళీ ఫోటో. ఫోన్లో ఏ ఒక్కటీ దాక్కోలేదు.

తప్పు పట్టుకుందామని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మళ్ళీ చదివాను. ఆమె ఎంత వయసుదో, ఆయనకి టీ ఎవరిస్తున్నారో, ఆ గదిలో కుళాయి కారుతోందో లేదో అన్నీ ఆలోచించాను. నాకు నిద్ర పట్టట్లేదే. ఈ వయసులో ఇలా ఏడవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకుంటున్నాను, ఏడుపు మాత్రం ఆగట్లేదు.

పేజీ అడుగున ఇద్దరి పేర్లూ ఒకే లైన్లో, ఒకే సైజులో ఉన్నాయి. ఆమె పేరు రెండోది. నేనైతే నా పేరు ముందు వెయ్యమని నీకు రాసేదాన్ని.

అక్క